బీఎస్సీ కెమిస్ట్రీ రెండో ఏడాది: పర్యావరణ శాస్త్రంలోకి వెళ్లాలంటే ఇప్పటి నుంచే ఏం చేయాలి?

కవిటి_పిల్ల
అందరికీ నమస్కారం. మాది ఉద్దానం, కవిటి దగ్గర పల్లెటూరు. శ్రీకాకుళంలో డిగ్రీ చదువుతున్నా. మేజర్ కెమిస్ట్రీ, మైనర్ బోటనీ, ఇప్పుడు నాలుగో సెమిస్టర్.

మా పెదనాన్న వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్తారు. మా వీధిలోనే ఇంకో ముగ్గురున్నారు. చిన్నప్పటి నుంచి ఎవరెవరో వచ్చి మా బావి నీళ్లు బాటిళ్లలో పట్టుకెళ్లడం చూశాను, రక్తం తీసుకెళ్లడం చూశాను. ఏం తేలిందో మళ్లీ వచ్చి మాకు చెప్పినవాళ్లు లేరు. ఇన్నేళ్లయినా మా ఊళ్ల కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఖాయం కాలేదు. ఆ బాటిల్ పట్టుకునే మనిషిని నేనే అయితే బాగుండు అని ఇంటర్‌లోనే అనుకున్నా.

ఇంట్లో బీఈడీ చెయ్యమంటున్నారు. కాలేజీలో అడిగితే "ఎన్విరాన్‌మెంట్‌లో ఉద్యోగాలు ఎక్కడున్నాయమ్మా" అంటున్నారు. మాకున్న ఒక్క పర్యావరణం పేపరు కూడా పరీక్ష ముందు రోజు గైడు చదివి రాసేదే. నా ప్రశ్నలు మూడు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో చేయాలా, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌లో చేయాలా? నిజంగా ఉద్యోగాలు ఉన్నాయా? డిగ్రీ అయ్యేలోపు చేతిలో ఏం ఉండాలి?

బ్యూరెట్_అక్క
కవిటి చెల్లీ, నేను విశాఖలో ఒక నీటి పరీక్షల ల్యాబ్‌లో పదిహేనేళ్లుగా పనిచేస్తున్నా. ముందు నీ మూడో ప్రశ్నకి జవాబు చెప్తాను. మిగతా రెండూ దాని మీదే ఆధారపడతాయి.

మా దగ్గరికి ఎమ్మెస్సీ చేసిన పిల్లలు ఇంటర్వ్యూకి వస్తారు. బీఓడీ అంటే, నీళ్లలోని మురికిని తినడానికి సూక్ష్మజీవులకి ఎంత ఆక్సిజన్ కావాలో ఆ లెక్క అని, చక్కగా చెప్తారు. "సరే, ఒక శాంపిల్ పెట్టి చూపించు" అంటే 300 మిల్లీలీటర్ల బీఓడీ సీసా చేతిలోకి తీసుకుని ఆగిపోతారు. నీళ్లు నింపేటప్పుడు గొట్టం అడుగుదాకా పెట్టాలి, సీసా పొంగి పొర్లాలి, మూత పెట్టాక లోపల ఒక్క బుడగ కూడా ఉండకూడదు. బుడగ ఉంటే అందులోని గాలి నీళ్లలో కలిసి లెక్క మొత్తం పాడవుతుంది. పుస్తకంలో ఇది ఒక్క వాక్యం. చేతికి రావాలంటే మాత్రం ముప్పై నలభై సీసాలు నింపాలి.

కాబట్టి చెల్లీ, మీ ఊళ్లో ఒక చెరువో కాలువో ఎంచుకో. ఒక్కటే చాలు. డిగ్రీ అయ్యేదాకా దాన్ని కొలుస్తూ ఉండు. నెలకి రెండుసార్లు, అదే చోట, అదే టైముకి. పీహెచ్, ఉష్ణోగ్రత, నీళ్లలో కరిగిన ఆక్సిజన్. కెమిస్ట్రీ ల్యాబ్ ఉన్న కాలేజీలో ఇవి అసాధ్యం కాదు. అంతకాలం ఒకే నీటిని కొలిచిన నోటుబుక్ నా ముందు పెట్టిన అమ్మాయిని నేను మార్కులు అడగను.

ఇంకో మాట, కాస్త జాగ్రత్తగా విను. ఉద్దానం కిడ్నీ జబ్బు మీద చాలా అనుమానాలున్నాయి. నీళ్లలో సిలికా అన్నారు, భార లోహాలు అన్నారు, పురుగుమందులు అన్నారు, ఎండలో సరిగా నీళ్లు తాగకుండా పనిచేయడం అన్నారు. నీ బాధ నాకు అర్థమవుతుంది. కానీ జవాబు ముందే అనుకుని కొలవడం మొదలుపెడితే అనుకున్నదే కనబడుతుంది. అందుకే బావి నీళ్ల జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. చెరువుతో మొదలుపెట్టు, చెయ్యి తిరగనీ.

ఈటీపీ_నైట్‌షిఫ్ట్
ఉద్యోగాల సంగతి నేను చెప్తాను. నేను బీఎస్సీ కెమిస్ట్రీతోనే 2014లో ఒక బల్క్ డ్రగ్ కంపెనీ ఈటీపీలో చేరాను, జీతం నెలకి తొమ్మిది వేలు. ఈటీపీ అంటే ఫ్యాక్టరీ వ్యర్థజలాల శుద్ధి ప్లాంటు. ఇప్పుడు ఇంకో కంపెనీలో ఈహెచ్‌ఎస్ ఆఫీసర్‌ని, అంటే పర్యావరణం, ఆరోగ్యం, భద్రత మూడూ చూసుకునే పని. పాశమైలారం, జీడిమెట్ల, పరవాడ, అచ్యుతాపురం, ఎక్కడ ఫార్మా ఉంటే అక్కడ ఈ పని ఉంటుంది. హైదరాబాద్‌లో పెద్ద అపార్ట్‌మెంట్లకి కూడా ఎస్టీపీలు, అంటే మురుగునీటి శుద్ధి ప్లాంట్లు ఉన్నాయి, వాటిని నడపడం తెలిసినవాళ్లు దొరకడం లేదు.

గాలి ఊదే ఏరేషన్ ట్యాంకు నుంచి లీటరు జాడీలో నీళ్లు పట్టి అరగంట కదపకుండా ఉంచుతాం. బురద ఏ గీత దాకా దిగిందో చూసి మురికిని తినే బ్యాక్టీరియా ఆరోగ్యం చెప్పొచ్చు. చాక్లెట్ రంగులో ఉండి తడిమట్టి వాసన వస్తే బాగున్నట్టు. నల్లబడి కుళ్లు వాసన వస్తే గాలి అందడం లేదన్నట్టు. డిగ్రీలో ఉండగా ఒక్క నెల ఎస్టీపీలో ఇంటర్న్‌షిప్ చేస్తే ఇదంతా కళ్లతో చూడొచ్చు. ఆంధ్రాలో డిగ్రీ పిల్లలకి ఇంటర్న్‌షిప్ ఎలాగూ తప్పనిసరి కదా. సర్టిఫికెట్ ఇచ్చే చోటికి కాకుండా పని చేయనిచ్చే చోటికి వెళ్లు చెల్లీ.

ఇంకోటి కూడా చెప్పాలి. మొదటి ఉద్యోగంలో ఒక రాత్రి షిఫ్ట్‌లో సీఓడీ (నీళ్లలోని మురికిని రసాయనాలతో కొలిచే పరీక్ష) పెట్టే రిఫ్లక్స్ సెట్ పాడైంది. సూపర్‌వైజర్ వచ్చి నిన్నటి అంకెకి అటూ ఇటూగా ఏదో ఒకటి లాగ్‌బుక్‌లో రాసెయ్యమన్నాడు. ఆ రాత్రి రాశాను. తర్వాత ఇంకో రెండుసార్లు రాశాను. ఆ అవుట్‌లెట్ కాలువ పక్కనే గేదెలు మేసేవి. నాలుగో నెలలో మానేశాను. పదేళ్లు దాటినా ఆ మూడు అంకెలూ నాకు గుర్తున్నాయి. ఈ లైనులోకి వచ్చే పిల్లలకి ఇది ముందే తెలియాలి. కొలవకుండా రాయమనే రోజు నీకూ వస్తుంది. ఆ రోజు ఏం చెయ్యాలో కాలేజీలోనే మనసులో తేల్చుకో.

చెరువుగట్టు
ఈటీపీ తమ్ముడు రాసింది చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను. ఇలాంటివి బయటికి చెప్పేవాళ్లు తక్కువ.

నాది హైదరాబాద్‌లో ఈఐఏ కన్సల్టెన్సీ. ఒక ఫ్యాక్టరీయో గనో పెట్టాలంటే 2006 నాటి నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ ప్రభావ అంచనా నివేదిక కావాలి. మేము సాధారణంగా ప్రాజెక్టు చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో, వానాకాలం కాని ఒక సీజన్ మొత్తం గాలి, నీరు, నేల, శబ్దం, మొక్కలు, పక్షులు, జనం బతుకు, అన్నీ చూస్తాం. మొన్న వేసవిలో ఒక పంచాయతీ ఆఫీసు డాబా మీద డస్ట్ శాంప్లర్ పెట్టాం. ఇరవై నాలుగు గంటలు ఆగకుండా నడవాలి. కరెంటు పోతే జనరేటర్ వెయ్యాలి కాబట్టి మా కుర్రాడు దాని పక్కనే చాప వేసుకుని పడుకున్నాడు. ఫిల్టర్ కాగితాన్ని ముందూ తర్వాతా తేమ లేకుండా డెసికేటర్‌లో ఉంచి తూకం వెయ్యాలి. మిల్లీగ్రాముల్లో తేడా. చెమట వేలితో ముట్టుకుంటే ఆ తేడా మీ వేలిదే అవుతుంది.

మా రంగంలో ఎవరూ పట్టించుకోని పని ఒకటుంది, తెలుగు రాయడం. ప్రజాభిప్రాయ సేకరణకి ముందు నివేదిక సారాంశాన్ని స్థానిక భాషలో ఇవ్వాలి, సభకి కనీసం ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ తెలుగు సారాంశాలు కాలుష్య నియంత్రణ మండలి వెబ్‌సైట్లలో ఉంటాయి, చదివి చూడండి. ఇంగ్లిష్ ముక్కని మాటకి మాట దించేసి, ఊరివాళ్లకి ఒక్క ముక్క అర్థం కాకుండా ఉన్నవే ఎక్కువ. భూగర్భ జలం ఎన్ని అడుగులు దిగుతుందో రైతుకి అర్థమయ్యేలా రెండు పేజీలు రాయగల కెమిస్ట్రీ పిల్ల దొరికితే మేము వదులుకోం. నెలకి ఒక నివేదిక చదువు. ఎక్కడ కొలిచారు, ఎన్నిసార్లు కొలిచారు, ఏ ఊరిని వదిలేశారు, ఇవి చూడటం అలవాటు చేసుకో.

నల్గొండ_నాన్న
నేను ఈ వేదికలో చదవడమే కానీ రాసేది లేదు. మాది మర్రిగూడ వైపు. మావోడు డిగ్రీ మొదటి సంవత్సరం, కంప్యూటర్స్ వద్దు, పర్యావరణం అంటున్నడు. నాకు టెన్షన్‌గానే ఉంది, అందుకే ఇక్కడ చదువుతున్న.

కానీ ఒక మాట. మా నాయనమ్మ నడుము వంగిపోయి, నేలకేసి చూస్తూనే నడిచేది. పళ్ల మీద పసుపు మచ్చలు మా అందరికీ ఉన్నయి. ఊళ్లో దాన్ని జబ్బు అనుకోలేదు, మా నీళ్లే అంత అనుకున్నరు. తర్వాత ఎవరో నీళ్లలో ఫ్లోరైడ్ కొలిచి లీటరుకు ఇంత ఉందని అంకె చూపెట్టినంకనే అది నీళ్ల సంగతని అందరికీ తెలిసింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ దించే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అని పేరే పెట్టిండ్రు, నాగపూర్ నీరి సంస్థవాళ్లు చేసింది. ఆ చదువు చదివినోళ్ల వల్లనే కదా అది బయటపడ్డది. మావోడికి ఏం చెప్పాలో పెద్దలు చెప్పండి. జీతం సంగతి కూడా దాచకుండా చెప్పండి.

బ్యూరెట్_అక్క
నల్గొండ అన్నగారూ, దాచకుండానే చెప్తాను. మొదటి మూడు నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ పిల్లలతో పోల్చుకోకూడదు, పోల్చుకుంటే ఇంట్లో మనశ్శాంతి ఉండదు. ల్యాబుల్లో మొదటి జీతం తక్కువే. అయితే చేతిపని వచ్చినవాళ్లు ఖాళీగా ఉండటం నేను చూడలేదు. ఎన్‌ఏబీఎల్ (ల్యాబుల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో రెండేళ్లు చేస్తే దారి తెరుచుకుంటుంది. మీ అబ్బాయికి ఫ్లోరైడ్ కొలవడం నేర్పే చోటు చూడండి. తాగునీటికి మన ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు లేకపోతే 1.5 దాకా. ఆ రెండు అంకెలతో పోలిస్తే మీ ఊరు ఎక్కడుందో వాడే కొలిచి మీకు చెప్పనీయండి.

కొల్లేటి_పటం
అక్క చెప్పాల్సిన ఎమ్మెస్సీ సంగతి ఇంకా రావాల్సి ఉంది, ఈలోపు నా మాట. నేను కొల్లేరు మీద పీహెచ్‌డీ చేస్తున్నా. ల్యాబ్ ఒక్కటే చాలదని నా అభిప్రాయం. పటం చదవడం రావాలి.

క్యూజీఐఎస్ పటాలు చూసే, గీసే ఉచిత సాఫ్ట్‌వేర్, మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు 1972 నుంచి ఉన్నాయి, అవీ ఉచితమే. సెంటినెల్-2 చిత్రాల్లో పది మీటర్ల దాకా వివరం కనబడుతుంది. ఇస్రోవాళ్ల పటాల వెబ్‌సైట్ భువన్ ఉంది. నేను మొదటిసారి పాత చిత్రాలూ కొత్త చిత్రాలూ పక్కపక్కన పెట్టి చూసిన రోజు బాగా గుర్తుంది. పాతవాటిలో సరస్సు అంచు చెదిరిన సిరా మరకలా ఉంది. తర్వాతవాటిలో గళ్ల చీరలా చేపల చెరువుల గట్లు. 1999లో ప్లస్ ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) దాకా అభయారణ్యం అన్నారు, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో గట్లు కొట్టించారు. ఈ చరిత్రంతా ఆ గళ్లలో కనబడుతుంది.

కానీ పటం చూసి నేను చేపల రైతుల మీద కోపం పెంచుకున్నాను. ఆటపాక పక్కన ఒకాయన ఇంటి అరుగు మీద కూర్చుని మధ్యాహ్నం దాకా మాట్లాడాక గానీ, గట్టు కొట్టిన రోజు ఆయన ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలియలేదు. పైనుంచి చూసేవాడు కిందకి దిగి నడవాలి కూడా. కవిటి చెల్లికి ఆ అవసరం లేదు, తను అక్కడే పుట్టింది. నువ్వు ఊళ్లో వాళ్లతో మాట్లాడగలవు, అది మాకు ఎంత కష్టపడినా రాదు.

మీ శ్రీకాకుళం జిల్లాలోనే తేలినీలాపురం ఉంది. ఏటా పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు వస్తాయి. ఒక సీజన్‌లో నాలుగు ఆదివారాలు వెళ్లి గూళ్లు లెక్కపెట్టు. మైనర్ బోటనీ కాబట్టి ఏ చెట్టు మీద ఎన్ని గూళ్లో కూడా రాసుకో.

గేట్_రెండోసారి
పరీక్షల గురించి చిన్న సమాచారం. గేట్‌లో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అండ్ ఇంజినీరింగ్ పేపరు 2021 నుంచి ఉంది. డిగ్రీ మూడో ఏడాదిలోనే రాయొచ్చు. యూజీసీ నెట్‌లో పర్యావరణ శాస్త్రం వేరే సబ్జెక్టు. జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకి 37,000, ఇంటివాళ్లకి ఈ అంకె చెప్తే కొంచెం స్థిమితపడతారు. ఎమ్మెస్సీకి ఆంధ్రాలో పీజీసెట్, తెలంగాణలో సీపీగెట్, బయట వర్సిటీలకి సీయూఈటీ.

చాలామందికి తెలియని విషయం, జాగ్రత్త. ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ రాయాలంటే డిగ్రీలో బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, జియాలజీ, గణితం, స్టాటిస్టిక్స్, పశువైద్యం ఇలాంటి ఒక సబ్జెక్టు ఉండాలి, లేదా వ్యవసాయం, ఫారెస్ట్రీ, ఇంజినీరింగ్ డిగ్రీ ఉండాలి. ఆ జాబితాలో పర్యావరణ శాస్త్రం అనే పేరు లేదు. డిగ్రీలో అదొక్కటే తీసుకున్న నా ఫ్రెండ్‌కి అప్లికేషన్ నింపేటప్పుడు తెలిసింది. కవిటి సిస్టర్‌కి కెమిస్ట్రీ ఉంది కాబట్టి సమస్య లేదు. పీసీబీలో (కాలుష్య నియంత్రణ మండలి) అసిస్టెంట్ ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీర్ పోస్టుకి మాత్రం ఇంజినీరింగ్ కావాలి. మనలాంటి సైన్స్ వాళ్లు చూడాల్సింది ఎనలిస్ట్ పోస్టులు.

టెక్సాస్_నుంచి
అమెరికా ఆలోచన ఉన్నవాళ్ల కోసం రెండు ముక్కలు. నేను ఇక్కడ కలుషిత స్థలాల పరిశీలన చేసే సంస్థలో ఉన్నా. పాత పెట్రోల్ బంకు స్థలం అమ్మాలన్నా కొనాలన్నా కింద నేల, నీరు చూసి రిపోర్టు ఇవ్వాలి. ప్రమాదకర వ్యర్థాల చోట పనిచేయాలంటే నలభై గంటల హాజ్‌వోపర్ శిక్షణ ఉండాలి. ఉద్యోగాలు బాగానే ఉన్నాయి గానీ వాటిలో చాలా భాగం ప్రభుత్వానివి, వీసా మీద వచ్చినవాళ్లకి దారి ఇరుకు. అప్పు చేసి ఈ కోర్సుకే రావాలనుకుంటే ఇంట్లో బాగా మాట్లాడుకుని రండి.

బ్యూరెట్_అక్క
ఎమ్మెస్సీ ప్రశ్న మర్చిపోలేదు. నా ఓటు కెమిస్ట్రీకే, వీలైతే ఎనలిటికల్. కాలుష్యం నేర్చుకోవడం తర్వాతైనా కుదురుతుంది, ఎటామిక్ అబ్సార్ప్షన్, క్రొమటోగ్రఫీ లాంటి యంత్రాల మీద చెయ్యి పడే అవకాశం మళ్లీ రాదు. పటాన్‌చెరులో శుద్ధి చేశామన్న మందుల ఫ్యాక్టరీల నీళ్లలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రచురించేదాకా ప్రపంచానికి తెలియలేదు. మన పక్కనే పారే నీళ్లు. ఆ కొలత మన పిల్లలు ఎందుకు చేయలేకపోయారా అని నాకిప్పటికీ బాధే.

కొల్లేటి_పటం
ఇక్కడ అక్కతో విభేదిస్తున్నా. యంత్రం ముందు కూర్చునేవాళ్లు దొరుకుతారు. శాంపిల్ ఎక్కడ తీయాలో, ఎన్ని తీయాలో, వచ్చిన అంకెల్లో ఏది నిజమైన తేడాయో చెప్పేవాళ్లు తక్కువ. దానికి స్టాటిస్టిక్స్, ఎకాలజీ కావాలి. ఎన్విరాన్‌మెంటల్ సైన్సెస్ మంచి డిపార్ట్‌మెంట్‌లో దొరికితే అదే చెయ్యమంటా. అయితే చేరేముందు అక్కడి సీనియర్లకి ఫోన్ చేసి ఒకటే అడుగు: "గత ఏడాది ఎన్నిసార్లు ఫీల్డ్‌కి తీసుకెళ్లారు?" సున్నా అంటే అక్క చెప్పినట్టే కెమిస్ట్రీకి వెళ్లు.

కవిటి_పిల్ల
అందరికీ చేతులెత్తి దండం. నల్గొండ మావయ్యగారూ, మీరు రాసింది మా అమ్మకి చదివి వినిపించాను. ఆమె ఏమీ అనలేదు, కానీ బీఈడీ మాట మళ్లీ ఎత్తలేదు.

మా కెమిస్ట్రీ మేడమ్‌ని అడిగాను. శనివారం మధ్యాహ్నం ల్యాబ్ వాడుకోమన్నారు. ఆక్సిజన్ కొలవడానికి థయోసల్ఫేట్, స్టార్చ్ ఉన్నాయి. మాంగనస్ సల్ఫేట్ తెప్పిస్తామన్నారు. చెరువు దగ్గర తీసిన నీళ్లు కాలేజీకి తెచ్చేసరికి రెండు గంటలు పడుతుంది. పర్వాలేదా అక్కా?

బ్యూరెట్_అక్క
నీళ్లు అలాగే తేవద్దు. ఆక్సిజన్‌ని చెరువు గట్టు మీదే కట్టేయాలి. సీసా నిండగానే మాంగనస్ సల్ఫేట్, ఆల్కలీ అయొడైడ్ ఎజైడ్ వెయ్యి. ఈ మందులు వేసే పిపెట్ మొన నీటి మట్టం కిందికి దించి వదలాలి. మూత పెట్టి బోర్లిస్తూ కలుపు. ఆక్సిజన్ ఉంటే బెల్లం రంగు ముద్దలా దిగుతుంది, అస్సలు లేకపోతే తెల్లగా ఉండిపోతుంది. అది సగానికి పైగా దిగాక ఆమ్లం వేసి కలిపితే ముద్ద కరిగి నీళ్లు పసుపవుతాయి. అప్పుడు ఎండ తగలకుండా తెచ్చుకో. ఆమ్లంతో జాగ్రత్త, గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు, ఒంటరిగా వెళ్లొద్దు.

ల్యాబ్‌లో 0.025 నార్మాలిటీ థయోసల్ఫేట్‌తో 200 మిల్లీలీటర్లు టైట్రేట్ చెయ్యి. లేత పసుపు వచ్చాక స్టార్చ్ వెయ్యి, నీలం మాయమైన చుక్క దగ్గర ఆపు. ఎన్ని మిల్లీలీటర్లు ఖర్చయితే లీటరుకు దాదాపు అన్ని మిల్లీగ్రాముల ఆక్సిజన్. ప్రతిసారీ రెండు సీసాలు తియ్యి. రెండూ కలవకపోతే ఆ రోజు అంకెని కొట్టెయ్యకు, ఎందుకు కలవలేదో పక్కనే రాయి.

కవిటి_పిల్ల (ఐదు వారాల తర్వాత)
అక్కా, మొదటిసారి రెండు సీసాలూ కలవలేదు, ఒకదాంట్లో బుడగ ఉండిపోయింది. రాసి పెట్టుకున్నా. తర్వాత నుంచి మా తమ్ముడు సీసా పట్టుకుంటున్నాడు, నేను గొట్టం చూసుకుంటున్నా.

నిన్న ఒకే రోజు రెండుసార్లు తీశాం. పొద్దున్న ఆరింటికి ఆక్సిజన్ లీటరుకు 3.4, 3.5 మిల్లీగ్రాములు. మధ్యాహ్నం రెండింటికి 9.1, 9.0. అదే రాయి దగ్గర, అదే లోతులో. రెండుసార్లూ జంట సీసాలు కలిశాయి కాబట్టి తప్పు నాది కాదనిపిస్తోంది. కానీ ఒకే చెరువులో ఇంత తేడా ఉంటుందా? పొద్దున్న అంకె చూస్తే చేపలకి కావాల్సిన 4 కంటే తక్కువ, మధ్యాహ్నం అంకె చూస్తే చెరువు చాలా బాగున్నట్టు. చెరువు నిండా ఆకుపచ్చ నాచు ఉంది. ఏది రాయాలి?

బ్యూరెట్_అక్క
రెండూ రాయాలి, పక్కన టైము రాయాలి. పగలు నాచు ఎండలో ఆక్సిజన్ వదులుతుంది, రాత్రంతా అదే నాచు, మిగతా జీవులతో కలిసి దాన్ని పీల్చేస్తుంది. తెల్లవారుజామున అడుగంటుతుంది. వచ్చే ఆదివారం వీలైతే మూడు గంటలకోసారి ఇరవై నాలుగు గంటలూ తియ్యండి, రాత్రి ఇంట్లో పెద్దవాళ్లని ఎవరినైనా తోడు తీసుకెళ్లు. ఆ గీత గీశాక నాకు పంపు.

కవిటి_పిల్ల
సరే అక్కా. రాత్రికి అమ్మ వస్తానంది.